మా పాప ఫైలు కదిలించండి: ఆరోగ్యశాఖ అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్యశాఖ అధికారి గారికి నమస్కారం.

మా పాపకు 14 నెలలు. ఎస్ఎంఏ జబ్బు: కండరాలను కదిలించే నాడీకణాలు చనిపోయి, కండరాలు క్షీణిస్తాయి. దిండు ఆనిస్తేనే కూర్చుంటుంది. గిలక్కాయ జారిపడితే తీసుకోలేక, దాని వంకే చూస్తుంటుంది.

దీనికి జన్యు చికిత్స ఉంది. జబ్బు చేయని ఏఏవీ9 వైరస్ తొడుగులో మంచి ఎస్ఎంఎన్1 జన్యువును పెట్టి, ఒక్కసారే నరంలోకి ఎక్కిస్తారు. 2019లో అమెరికా దీన్ని రెండేళ్లలోపు పిల్లలకు అనుమతించింది. ధర కోట్లలో. తిరుపతిలో టీ కొట్టు నడిపే మాకు ఆ అంకె నోరు కూడా తిరగదు. పైగా ఆలస్యమైతే, చనిపోయిన నాడీకణాలు తిరిగి రావు.

2021 నాటి అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద, ప్రభుత్వం గుర్తించిన వైద్య కేంద్రాల ద్వారా 50 లక్షల వరకు సాయం ఉంది. అది చాలదు, తెలుసు. మిగతాది చందాలతో చూసుకుంటాం. మూడుసార్లు అర్జీ ఇచ్చాం. రసీదులున్నాయి, జవాబే లేదు.

15 రోజుల్లో పాప ఫైలును అలాంటి ఒక వైద్య కేంద్రానికి పంపించి, రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తండ్రి, తిరుపతి