మన సంఘం వార్షిక నివేదిక 2024-25: చెరువు, చింతచెట్టు, కొంగలు

సభ్యులందరికీ నమస్కారమండి. లెక్కలు ట్రెజరర్ గారు మీటింగ్‌లో చదివేశారు, కాపీ ఆఫీసు రూమ్ గోడకి అంటించాం, చూసుకోవచ్చు. మెడికల్ క్యాంపు, సంక్రాంతి ముగ్గుల పోటీ, వీధిలైట్ల రిపేరు ఎప్పట్లాగే జరిగాయి. ఈ ఏడాది టైమంతా, వాదనలన్నీ చెరువు గట్టు మీద చింతచెట్టు దగ్గరే నడిచాయి కాబట్టి దాని గురించే వివరంగా రాస్తున్నా.

వానలు పడ్డాక ఆ చెట్టు నిండా కొంగలు గూళ్ళు పెడతాయి, కింద రెట్ట, వాసన, పక్కనే కమ్యూనిటీ హాలు. ఫంక్షన్లకి ఇబ్బందిగా ఉంది, కొమ్మలు కొట్టించేద్దాం అని జూలై మీటింగ్‌లో చాలామంది అన్నారు, ఆ ఇబ్బంది నిజమే. కానీ అప్పటికే గూళ్ళల్లో పిల్లలున్నాయి, పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కొంగలకీ వర్తిస్తుంది. చివరికి గూళ్ళున్నన్నాళ్ళూ చెట్టుకింద షేడ్ నెట్ కట్టాలని, పడిన రెట్ట ఎత్తి మట్టిలో మాగబెట్టి కొబ్బరి మొక్కలకి వెయ్యాలని తీర్మానం చేశాం. గాలికి జారిన పిల్లలు కూడా ఆ నెట్ మీదే పడ్డాయి, మన కుర్రాళ్ళు నిచ్చెనేసి మళ్ళీ గూట్లో పెట్టొచ్చారు, వాళ్ళకి ప్రత్యేకంగా థాంక్స్.

కొంగంటే చేపలు తినేసే పిట్ట అనే మాట మనలో బాగా ఉంది. సార్వా (వానాకాలం వరి) దమ్ము టైములో ట్రాక్టర్ వెనకాల తిరిగే కొంగల్ని చూడండి, మట్టి తిరగబడగానే మిడతలు, పురుగులు, చిన్న కప్పలు పైకొస్తాయి, వాటిని ఏరుకు తింటుంటాయి, గేదెల వెంట తిరిగేవీ అవే, ఆ రోజుల్లో వాటి తలా మెడా పసుపు రాసుకున్నట్టుంటాయి. చెరువులో ఉండే చిన్న తెల్లకొంగ వేరు. ముక్కు నలుపు, కాళ్ళు నలుపు, పాదాలు మాత్రం పసుపుపచ్చగా ఉంటాయి, లోతులేని నీళ్ళల్లో నిలబడి ఒక పాదాన్ని బురదలో గజగజా ఆడిస్తుంది, దాక్కున్న చేపపిల్ల బెదిరి కదలగానే టక్కున పొడుస్తుంది. గంటసేపు చూసినా విసుగు రాదండి, నిజంగా.

గూళ్ళ కాలంలో వాటి వీపు మీద దారాల్లాంటి సన్నటి ఈకలు వస్తాయి. ఒకప్పుడు యూరప్‌లో ఆడవాళ్ళ టోపీలకి ఆ ఈకల కోసమే కొంగల్ని గూళ్ళ దగ్గరే చంపేవాళ్ళు, తల్లి పోతే పిల్లలు ఆకలితో పోయేవి. దాని మీద 1889లో ఇంగ్లాండ్‌లో ఆడవాళ్ళే సంఘం పెట్టి పోరాడారు, 1902లో మన దేశం నుంచి ఈకల ఎగుమతి కూడా ఆపేశారు. మనలాంటి చిన్న సంఘాల పని వృథా పోదని నేను నమ్మేది ఇందుకే.

రొయ్యల చెరువుల రైతులతో కూడా కూర్చుని మాట్లాడాం. కొంగలు జబ్బు రొయ్యని ఒక చెరువులోంచి ఇంకో చెరువులో పడేస్తాయని వాళ్ళ భయం, పెట్టుబడి లక్షల్లో ఉంటుంది కాబట్టి వాళ్ళని తప్పుపట్టలేం. కొంగలు రాకుండా చెరువు మీద కట్టే వల వదులుగా ఉంటే వాటి కాళ్ళు చిక్కుకుని చచ్చిపోతున్నాయి, బిగుతుగా కట్టండి, రోజూ ఒకసారి చూసుకోండి అని అడిగాం, కొంతమంది ఒప్పుకున్నారు. గుళికలు, మందు డబ్బాలు కాలవలో కడగొద్దని కూడా చెప్పాం, ఆ విషం చేపల్లోంచి కప్పల్లోంచి కొంగకీ, చివరికి మన పళ్ళెంలోకీ వస్తుంది.

మన పిల్లల్ని కాకినాడ దగ్గర కోరింగ మడ అడవికి తీసుకెళ్ళాం, పాటు టైముకి (సముద్రం నీళ్ళు వెనక్కి తీసినప్పుడు) మడచెట్ల పక్క బురదలో కొంగలు మేస్తుంటే వాళ్ళే జాతులు గుర్తుపట్టి చెప్పారు.

వచ్చే వేసవిలో కాలవలకి నీళ్ళు ఆపేశాక చెరువు పూడిక తీయించాలి. పొక్లెయిన్ వాళ్ళు మొత్తం ఒకే లోతు తవ్వేస్తారు, అలా చేస్తే కొంగకి నిలబడే చోటుండదు, అందుకని ఉత్తరం గట్టువైపు మోకాలి లోతు వదిలెయ్యాలని కమిటీ ప్రతిపాదన. అభ్యంతరం ఉన్నవాళ్ళు టెండర్ పిలిచేలోపు చెప్పండి. షేడ్ నెట్ చిరిగింది, కొత్తదానికి చందా ఇచ్చేవాళ్ళు ట్రెజరర్ గారి దగ్గర పేరు రాయించండి.

మీ సెక్రటరీ