కోసుకోమన్నారు సరే, ఎలా కోయాలో చెప్పరేం?

సంపాదకులు గారికి నమస్కారం.

పండక్కి మా అబ్బాయి, కోడలు, ఇద్దరు మనవలు హైదరాబాద్ నుంచి వచ్చారు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి ఆ రోజు ఆగి ముక్కనుమ నాడు బయల్దేరాం. మలికిపురం దాటాక సముద్రం వైపు ఒక తోట ఉందట, మనమే లోపలికెళ్లి కాయలు కోసుకుని తూకం వేయించుకుని డబ్బులిచ్చి తెచ్చుకోవచ్చట, మావాడు ఫోన్‌లో చూశాడు. కార్బైడ్‌తో మగ్గబెట్టిన పళ్లు అమ్మకూడదని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనల్లో స్పష్టంగా ఉన్నా బజారులో పండు కొనాలంటే మా కోడలికి టెన్షనే, అందుకని ఆమె అందరికంటే ముందు తయారైంది. తణుకు నుంచి పాలకొల్లు, చించినాడ వంతెన మీదుగా వెళ్లాం.

తోట బాగుందండీ, అబద్ధమెందుకు. అడుగేస్తే చెప్పుల్లోకి జారే ఇసుక నేల, ఉప్పుగాలి తగలకుండా గట్టు పొడవునా సరుగుడు చెట్లు, అవతల రొయ్యల చెరువుల్లో ఏరియేటర్ల చప్పుడు. చుట్టూ అన్నీ చెరువులైపోతుంటే ఇంకా చెట్టును నమ్ముకున్న రైతు కనబడితే దణ్ణం పెట్టాలనిపిస్తుంది. మనిషికి 50 రూపాయలు టికెట్ తీసుకుని, తలో సంచీ ఇచ్చి, వెళ్లి కోసుకోండి అన్నారు. అంతే, ఇంకో మాట లేదు.

ముందు జామ. ప్రతి కాయకీ తెల్లటి వల, దానిపైన ప్లాస్టిక్ కవరు. లోపల కాయ ఎలా ఉందో కనబడక మా చిన్నాడు ఒకటి విప్పడం, పచ్చిగా ఉంటే వదిలేసి ఇంకోటి విప్పడం. మేమే కాదు, వచ్చినవాళ్లందరిదీ అదే పని. మా వెనకాలే ఒకావిడ ఆ కవర్లన్నీ మళ్లీ కట్టుకుంటూ వస్తోంది. అడిగితే, "కవరు ఇప్పి వదిలేత్తే ఈగ వాలి కాయకి పురుగు పట్టేద్దండి" అంది. సిగ్గేసింది నాకు. చిన్నప్పుడు గోడ దూకి జామకాయలు దొంగతనం చేసినప్పుడు కూడా చెట్టుకి ఇంత నష్టం చేసి ఉండను.

తర్వాత సపోటా. పెద్ద కాయ అయితే పక్వానికి వచ్చినట్టే అనుకుని పిల్లలు క్రికెట్ బాల్ రకంలో లావుపాటివన్నీ ఏరి సంచీ నింపేశారు, పక్కనే పాల సపోటా చెట్టు నిండా ఉన్నా అవి చిన్నవని చూడనైనా లేదు. తిరిగొచ్చేటప్పుడు ఆవిడే ఒక కాయ తీసుకుని తొక్క మీద గోటితో చిన్నగా గీరింది. కింద ఆకుపచ్చ. "ఇది లేతదండి, పసుప్పచ్చగా కనపడాలి" అని, తొడిమ దగ్గర కారుతున్న పాలు చూపించింది. పాలు అంతలా కారితే ఇంకా ముదరలేదనే లెక్కట.

అప్పటికి సంచీలో నాలుగు కిలోలు. కిలో 60 చొప్పున 240 రూపాయలు కట్టమన్నారు. లేతవి తీసేయమంటే కుర్రాడు "మీరు కోసినవే కదండీ" అన్నాడు. అతను చెప్పింది నిజమే, కోసిన లేతకాయని మళ్లీ చెట్టుకి అతికించలేడు కదా. కానీ ఆ గోటి సంగతేదో టికెట్ తీసుకున్నప్పుడే చెప్పి ఉంటే ఇద్దరికీ నష్టం లేకపోయేది కదండీ! కిలో రేటు కూడా లోపలికి వెళ్లేముందు ఎక్కడా రాసి లేదు, కాటా దగ్గరే తెలిసింది.

ఇలాంటి తోటలు కోనసీమలో ఇంకో పది రావాలని నా కోరిక. దళారీ లేడు, లారీ కిరాయి లేదు, పట్నం పిల్లలకి జామకాయ చెట్టుకి కాస్తుందని తెలుస్తుంది. కాకపోతే గేటు దగ్గర ఒక మనిషిని పెట్టి, చేతిలో రెండు కాయలు పట్టుకుని ఇది కోయొచ్చు, ఇది కోయకూడదు అని అయిదు నిమిషాలు చూపించండి, రేట్ల బోర్డు బయటే పెట్టండి. అంబాజీపేటలో ఉద్యాన పరిశోధన స్థానం ఉంది, వెంకట్రామన్నగూడెంలో ఏకంగా విశ్వవిద్యాలయమే ఉంది. రైతులకి ఎన్నో చెబుతారు కదా, మాలాంటి తోట మొహం చూడని జనానికి బొమ్మలతో ఒక్క పేజీ కరపత్రం వేస్తే పోయిందేముంది?

ఇంతకీ మా ఆవిడ బియ్యం డబ్బాలో పెట్టిన ఆ సపోటాల్లో పండినవి పదకొండు. మిగతావి ముడతలు పడి రాళ్లలా ఉన్నాయి. పిల్లలేమో వేసవిలో మామిడికాయలకి మళ్లీ వస్తామని అప్పుడే ఫోన్లు చేస్తున్నారు, సొన ఒంటి మీద పడకుండా తొడిమతో ఎలా కోయాలో ఈలోగా ఎవరినైనా అడిగి ఉంచాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, తణుకు