వచ్చే నెల నుంచి మన క్లబ్ రూల్స్ కాగితం మీద ఉంటాయి, ఎందుకో చెప్తాను

అందరికీ నమస్కారం. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మన మార్షల్ ఆర్ట్స్ క్లబ్‌లో రూల్స్ రాతపూర్వకంగా ఉంటాయి. ఇప్పటికే ఉన్నవాళ్లయినా కొత్తగా చేరేవాళ్లయినా ఒకసారి చదివి సంతకం పెట్టాలి. ఈ సంగతి గ్రూపులో చెప్పగానే కొందరు "సాయంత్రం గంటసేపు ప్రాక్టీస్‌కి వస్తున్నాం, దానికి ఇన్ని కట్టుబాట్లు ఎందుకు మాస్టారూ" అని అడిగారు. అడగాల్సిన మాటే. అందుకే గోడకి నోటీసు అంటించి ఊరుకోకుండా, నా మనసులో ఏముందో ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

క్లబ్ చిన్నగా ఉన్నప్పుడు రాయాల్సిన అవసరం రాలేదు. పాతవాళ్లని చూసి కొత్తవాళ్లు నేర్చుకునేవాళ్లు. ఇప్పుడు జూడో, గ్రాప్లింగ్ (కుస్తీలా పట్లు పట్టే ఆట), కరాటే మూడూ ఒకే మ్యాట్ మీద నడుస్తున్నాయి. పిల్లల బ్యాచ్ వెళ్లీ వెళ్లగానే ఉద్యోగస్తులు వస్తారు, వాళ్ల పక్కనే పోటీలకి తయారయ్యేవాళ్లు ఉంటారు. ఒక బ్యాచ్‌లో మామూలు అనుకునేది ఇంకో బ్యాచ్‌లో మొరటుగా కనిపిస్తోంది. నోటిమాటగా చెప్పింది అందరిదాకా చేరట్లేదు.

జిమ్‌లో ఇనుము ఎత్తుతారు, దానికి నొప్పి లేదు. ఇక్కడ మనం సాధన చేసేది సాటి మనిషి మెడ మీద, మోచేతి మీద, మోకాలి మీద. వాళ్లు నమ్మకంతో ఆ శరీరాన్ని మన చేతికి ఇస్తున్నారు. 1882లో జపాన్‌లో కొడోకాన్ అనే శిక్షణశాల స్థాపించి జూడోకి రూపం ఇచ్చిన కానో జిగోరో, తన విద్యకి ఆధారంగా పెట్టుకున్న సూత్రాల్లో ఒకటి, నేనూ నా ఎదుటివాడూ ఇద్దరం కలిసి బాగుపడాలి అన్నది. మన రూల్స్ అన్నీ దాన్నుంచే పుట్టాయి. ఈ రోజు మీతో ప్రాక్టీస్ చేసినవాళ్లు రేపు కూడా ఇష్టంగా, ఒళ్లు బాగుండి క్లాసుకి రాగలగాలి. రాలేకపోతే ఆ సాయంత్రం మీరు ఎంత బాగా ఆడినా నాకు లెక్కలోకి రాదు.

అన్నిటికన్నా ముందు ట్యాప్ గురించి, అంటే పట్టులో చిక్కినవాళ్లు "ఇక వదిలెయ్" అని చేత్తో తట్టి చెప్పడం గురించి. మోచేతిని వెనక్కి వంచే ఆర్మ్ బార్ పట్టులో అవతలివాళ్ల చెయ్యి పూర్తిగా చాచుకుని మీ తొడల మధ్య ఉంటుంది, వాళ్ల బొటనవేలు పైకి చూస్తుంటుంది, మీరు నడుము కొంచెం పైకి ఎత్తితే చాలు మోచేతి మీద బరువు పడుతుంది. కీలు బిగుసుకోవడానికీ లిగమెంట్ దెబ్బతినడానికీ మధ్య దూరం చాలా తక్కువ. కాబట్టి నడుము నెమ్మదిగా లేవాలి, విదిలించినట్టు కాదు. ట్యాప్ చేసేవాళ్లు గాల్లోనో తమ ఒంటి మీదో కాకుండా, అవతలివాళ్లకి తగిలేలా రెండుమూడు సార్లు గట్టిగా తట్టాలి. చేతులు రెండూ ఇరుక్కుపోతే కాలితో మ్యాట్‌ని కొట్టాలి, లేదా "ట్యాప్" అని అరవాలి. నొప్పితో కేక వేసినా మన క్లబ్‌లో అది ట్యాప్ కిందే లెక్క. "చేత్తో తట్టలేదు కదా సార్" అనే వాదన చెల్లదు.

చోక్, అంటే మెడ బిగించే పట్టు విషయం ఇంకా జాగ్రత్త. మెడ పక్కన రక్తనాళాలు నొక్కుకుపోతే పది సెకన్లలోపే, ఒక్కోసారి అంతకన్నా త్వరగా మనిషికి స్పృహ పోవచ్చు, స్పృహ పోయినవాళ్లు ట్యాప్ చేయలేరు. అవతలి శరీరం ఒక్కసారి వదులైపోతే ట్యాప్ కోసం చూడకుండా వదిలేయాలి. మడమ పట్టుకుని కాలు మెలితిప్పే హీల్ హుక్‌లో అయితే నొప్పి తెలిసేలోపే మోకాలి లిగమెంట్లు తెగే ప్రమాదం ఉంది, అందుకని సీనియర్ల క్లాసులో తప్ప ఇంకెక్కడా అది ఉండదు. అక్కడ కూడా ఇద్దరూ ముందే ఒప్పుకుంటేనే. పిల్లల బ్యాచ్‌లో చోక్‌లూ కీళ్ల లాకులూ అసలు ఉండవు.

ట్యాప్ చేయకుండా పంతం పట్టేవాళ్లతో కూడా ఒక మాట. అది ధైర్యమని మీరు అనుకుంటుండొచ్చు, కానీ ఆ క్షణంలో మీరు మీ పార్ట్‌నర్‌ని ఎంత ఇరకాటంలో పెడుతున్నారో ఆలోచించండి. సరిగ్గా పట్టిన లాక్‌ని వదిలేయాలా, లేక స్నేహితుడి చెయ్యి విరవాలా? సాయంత్రం ప్రాక్టీస్‌కి వచ్చిన మనిషిని అలాంటిచోట నిలబెట్టే హక్కు ఎవరికీ లేదు. అందుకే ట్యాప్ చేయకపోవడం కూడా రూల్ తప్పినట్టే.

స్పారింగ్, అంటే ఇద్దరూ ఎదురెదురుగా తలపడే ప్రాక్టీస్, ఎంత గట్టిగా ఉండాలన్నది ఇద్దరిలో తేలికైనవాళ్లు, లేదా కొత్తవాళ్లు నిర్ణయిస్తారు. అంతర్జాతీయ జూడోలో మగవాళ్లకి 60 కేజీల లోపు నుంచి 100 దాటినవాళ్ల దాకా, ఆడవాళ్లకి 48 లోపు నుంచి 78 దాటినవాళ్ల దాకా వేరువేరు విభాగాలు పెట్టుకున్నారు. ఆరితేరినవాళ్ల మధ్యే బరువుకి అంత విలువ ఉన్నప్పుడు, మన క్లాసులో ఆ తేడాని పట్టించుకోకుండా ఎలా ఉంటాం?

ఎవరైనా ఎవరితోనైనా స్పారింగ్ వద్దని చెప్పొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. "ఎందుకు వద్దన్నావ్" అని తర్వాత మెసేజ్ పెట్టడం, పక్కవాళ్లతో అడిగించడం, నలుగురిలో నవ్వులాటగా అనడం, ఇవేవీ కుదరవు. చాలామంది, ముఖ్యంగా అమ్మాయిలు, ఒకరితో ఇబ్బందిగా ఉంటే ఆ మనిషి వచ్చే రోజులు చూసుకుని మానేస్తారు, నెమ్మదిగా క్లబ్బే మానేస్తారు. వాళ్ల గొంతు మనకి వినపడదు, ఖాళీ అయిన చోటే కనపడుతుంది. ఒక్క "వద్దు" సులువుగా అనగలిగితే ఆ మనిషి మనతోనే ఉంటారు. కోచ్ కూడా బలవంతంగా జత కలపరు. రౌండ్ మధ్యలో ఆపి, అడక్కుండా పాఠం చెప్పడం కూడా ఆపేద్దాం. మీకు తెలిసింది మంచిదే కావచ్చు, కానీ రౌండ్ వాళ్లది కూడా.

టెక్నిక్‌లో శరీరాలు తగులుతాయి, అది అందరికీ తెలిసిందే. టెక్నిక్ అయిపోయాక చెయ్యి వెనక్కి వచ్చేయాలి. ఇబ్బంది కలిగితే నాతో చెప్పండి, లేదా ఆడవాళ్ల బ్యాచ్ కోచ్ మేడమ్‌తో చెప్పండి. నా మీదే ఫిర్యాదు అయితే నాకు చెప్పక్కర్లేదు. ఇద్దరు తల్లిదండ్రులు, ఒక సీనియర్ విద్యార్థిని కలిసి ఒక చిన్న కమిటీగా ఉంటారు, వాళ్ల నంబర్లు ఫారం వెనక ఉంటాయి, వాళ్ల నిర్ణయానికి నేనూ కట్టుబడతాను. మూసిన గదిలో పిల్లలతో ఏ కోచ్ ఒంటరిగా ఉండరు. పిల్లలకి పంపే ప్రతి మెసేజ్ తల్లిదండ్రులున్న గ్రూపులోనే. క్లాసు జరుగుతుండగా ఎప్పుడైనా వచ్చి కూర్చుని చూడొచ్చు.

ఇక శుభ్రం. గోళ్లు చేతివీ కాళ్లవీ కత్తిరించుకుని రండి, జుట్టు పొడుగైతే కట్టుకోండి, ఉతకని గి (ప్రాక్టీస్ డ్రెస్సు) వేసుకుని మ్యాట్ ఎక్కొద్దు. బాత్రూమ్‌కి చెప్పులతో, మ్యాట్ మీదకి చెప్పుల్లేకుండా. ఒంటి మీద గుండ్రంగా, అంచు ఎర్రగా దురద మచ్చ కనిపిస్తే ఆ రోజు ఇంట్లోనే ఉండండి, అది తామర కావచ్చు. ఒళ్లూ ఒళ్లూ రాసుకునే ఆటల్లో అది తేలిగ్గా పాకుతుంది. అమెరికా హైస్కూల్ రెజ్లింగ్‌లో ఒంటి మీద తామరకి కనీసం 72 గంటలు, తల మీదైతే 14 రోజులు మందు వాడాకే ఆడనిస్తారు. మనం కూడా అదే పాటిద్దాం, డాక్టర్ చెప్పిన మందుతో. స్టెరాయిడ్ కలిసిన క్రీము సొంతంగా తెచ్చి పూసుకుంటే ఎర్రదనం తగ్గి నయమైనట్టే ఉంటుంది, లోపల ఫంగస్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. సిగ్గుపడకుండా చెప్పండి, పేరు బయటికి రాదు.

బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య పది నిమిషాలు ఖాళీ పెట్టడం చాలామందికి చిరాగ్గా ఉందని తెలుసు. మ్యాట్ తుడిచే మందు, డబ్బా మీద రాసినన్ని నిమిషాలు తడిగా ఉంటేనే పని చేస్తుంది, తుడిచిన వెంటనే తొక్కేస్తే ఆ పని మొత్తం దండగ. ఆ పది నిమిషాలు బయట వార్మప్ చేసుకోండి. తుడవడం అందరి వంతు, బెల్టు ఏ రంగుదైనా. సీనియర్లు జూనియర్లకి సొంత పనులు చెప్పడం, ఆలస్యంగా వచ్చినవాళ్లకి శిక్షగా పుషప్స్ వేయించడం ఇక ఉండవు. ఆఫీసు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చిన మనిషి రావడమే నాకు సంతోషం. అంచున నిలబడి కోచ్ తల ఊపాక లోపలికి రండి, అంతే. క్లాసు మొదట్లో, చివర్లో వంగి నమస్కరించడం పూజ కాదు, పార్ట్‌నర్‌కి ఇచ్చే గౌరవం. మీ మతరీత్యా వంగడం ఇబ్బందైతే గుండె మీద చెయ్యి పెట్టుకోండి. ఫోన్లు బ్యాగులో ఉండాలి, వీడియో తీయాలంటే అందులో పడే ప్రతి ఒక్కరినీ అడగాలి.

తలకి దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, మసకగా కనిపించినా, తలనొప్పి వచ్చినా, ఏం జరిగిందో గుర్తులేకపోయినా ఆ రోజుకి ప్రాక్టీస్ అయిపోయినట్టే. ఆటల్లో కంకషన్ (తల దెబ్బకి మెదడు అదరడం) మీద 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కలిసిన నిపుణులు కూడా అదే రోజు తిరిగి ఆడకూడదనీ, తర్వాత మెట్టు మెట్టుగా రావాలనీ చెప్పారు. డాక్టర్ రాసిన కాగితం లేకుండా స్పారింగ్ ఉండదు, ఎల్లుండే టోర్నమెంట్ ఉన్నా సరే. దయచేసి ఈ ఒక్కదాంట్లో నన్ను బతిమాలొద్దు.

రూల్ తప్పితే మొదటిసారి పక్కకి పిలిచి చెప్తాం, రెండోసారి ఒక వారం స్పారింగ్ ఉండదు, మూడోసారి మిగిలిన రోజుల ఫీజు తిరిగిచ్చి పంపించేస్తాం. ట్యాప్ చేశాక కావాలని పట్టు బిగించినా, ఒంటి మీద తప్పుగా చెయ్యి వేసినా ఈ మూడు మెట్లూ ఉండవు, అదే చివరి రోజు. ఇది నాకు వ్యాపారం కూడా, అద్దె మీ ఫీజుల నుంచే కడుతున్నాను, ఒక్క మెంబర్ తగ్గినా ఆ నెల లెక్కలో తెలుస్తుంది. అయినా పతకాలు తెచ్చేవాళ్లకీ, ఏడాది ఫీజు ముందే కట్టినవాళ్లకీ, నాకు దగ్గరివాళ్లకీ ఇవే వర్తిస్తాయి.

ఫారాలు ముందు టేబుల్ మీద ఉన్నాయి. పిల్లల ఫారం మీద అమ్మ గానీ నాన్న గానీ సంతకం పెట్టాలి. ఏ రూల్ అయినా సరిగా లేదనిపిస్తే ఈ నెల 20 లోపు చెప్పండి, మాట్లాడి మార్చాల్సింది ఉంటే మారుస్తాను. ఇప్పటికే ఇద్దరు అడిగితే, లెన్సులు పెట్టుకునేవాళ్లు రౌండ్ మధ్యలో ఆపి సర్దుకోవచ్చని చేర్చాను.