రాయితీ పోగా మిగిలిన ధరకే పన్ను వేయాలి

సంపాదకుల వారికి నమస్కారం.

శ్రీకాకుళం జీటీ రోడ్డులో ఓ రెడీమేడ్ బట్టల షాపుకి లెక్కలు రాస్తుంటాను. షాపుకి సొంత వెబ్‌సైటు ఉంది. నెలనెలా అద్దె కట్టే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. సంక్రాంతికి పది శాతం కూపన్ పెట్టాం. ఆమదాలవలస టీచరమ్మ ఒకావిడ పన్ను కాకుండా 2,600 రూపాయలున్న డ్రెస్సు ఆర్డరు పెట్టి, బిల్లు చూసి ఫోన్ చేశారు. "ఏటి బాబూ, ఓ చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కుంటారా?"

ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. కూపన్‌తో ధర 2,340కి దిగింది. సాఫ్ట్‌వేర్ మాత్రం 2,600 మీదే 18 శాతం లెక్కకట్టి, 468 పన్ను కలిపి 2,808 చూపించింది. జీఎస్టీ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, అమ్మేటప్పుడే ఇచ్చి బిల్లులో చూపించిన డిస్కౌంటుపై పన్ను పడకూడదు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి రెడీమేడ్ బట్టలకు ఒక్కోటి 2,500 దాకా 5 శాతం, దాటితే 18. ఆ హద్దు చూడాల్సింది అమ్మిన ధరకి. 2,340కి 5 శాతమంటే 117, బిల్లు 2,457 కావాలి. అంటే 260 తగ్గించి 351 గుంజిందన్నమాట! ఇలా ఎక్కువ వసూలైన పన్ను మేం ఉంచుకోవడానికీ లేదు, ప్రభుత్వానికి జమ చేయాల్సిందే. తిట్లు మాత్రం మాకు.

కంపెనీకి ఫోన్ చేస్తే సెట్టింగ్ మార్చుకోమన్నారు. పన్ను 'డిస్కౌంటుకి ముందు', 'డిస్కౌంటు తర్వాత' అని రెండు ఆప్షన్లున్నాయి. మొదటిదానికే టిక్ పెట్టి ఇచ్చారు. మార్చాం. పన్ను 421 రూపాయల 20 పైసలకి దిగింది గానీ శ్లాబు కదల్లేదు. ఎందుకంటే రేటును సరుక్కి మొదట్లోనే తగిలించేశారు, ధర తగ్గితే మళ్లీ చూసుకోదు.

ఒకే ఆర్డరులో 1,500 చీర, 3,500 డ్రెస్సు ఉంటే ఇంకో తలనొప్పి. 500 కూపన్‌ని 150, 350గా పంచి, దేని రేటు దానికి వేయాలి. ఈ సాఫ్ట్‌వేరేమో బిల్లు అడుగున మొత్తంలోంచి ఒక్కసారే తీసేస్తుంది. రేపు చీర వెనక్కొస్తే ఎంత తిరిగివ్వాలో ఎవరు చెప్పాలి?

బ్యాంకు కార్డు ఆఫర్ సంగతి వేరు. తగ్గించిన సొమ్ము బ్యాంకు మాకు చెల్లిస్తే అది మా రాయితీ కాదు, పన్ను పూర్తి ధర మీదే. ఈ రెండిటినీ ఒకే గడిలో కుక్కే సాఫ్ట్‌వేర్‌ని మన దేశంలో ఎలా అమ్ముతున్నారో!

తయారీదారులు ఉగాది సేల్ లోపు దీన్ని సరిచేయాలి. పన్నుల శాఖ వారు ఇలాంటి బిల్లుల నమూనాలు నాలుగైదు తెలుగులో పెడితే చిన్న షాపులవాళ్లకి టెన్షన్ తగ్గుతుంది. ప్రస్తుతానికి కూపన్‌తో 2,500 లోపుకి దిగిపోయే, అంటే 2,500 దాటి 2,777 దాకా ఉన్న డ్రెస్సులన్నిటికీ మా ఓనరు కూపనే ఎత్తేశారు.

— ఒక బట్టల షాపు గుమస్తా, శ్రీకాకుళం