గ్రాపుల్ కొనే ముందు దాని బరువు అడగండి

సంపాదకులకు నమస్కారం.

చిన్న ట్రాక్టర్ల ముందు బరువులెత్తే రెండు ఇనుప చేతులకు, అంటే లోడరుకు, తగిలించే పనిముట్ల గురించి మీ వ్యవసాయ పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. బకెట్, ఫోర్కు, కంప ఎత్తే గ్రాపుల్ అన్నీ ఫొటోలతో బాగా వేశారు. గ్రాపుల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం వెడల్పు ఎంత, ఇనుము మందం ఎంత అన్న రెండు ముక్కలతో, మందం ఎంత ఎక్కువైతే అంత మంచిదన్నట్టు సరిపెట్టారు. ఆ రెండే చూసి కొని నేను ఏడాదిపాటు అవస్థ పడ్డాను. ఇంకొకరు పడకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాది 25 హెచ్‌పీ ట్రాక్టర్. గట్ల వెంట ముళ్ళకంప, ఎండు కొమ్మలు, పీకిన మోళ్ళు ఏటా పేరుకుపోతాయి. బకెట్‌తో కంప ఎత్తడం ఎంత విసుగో చేసినవాళ్ళకే తెలుసు. తోస్తే దొర్లిపోతుంది, ఎత్తితే సగం జారిపోతుంది, మిగిలినదాన్ని దిగి పంగలకర్రతో సర్దుకోవాలి. గ్రాపుల్‌కి కింద పళ్ళు, పైన మూత ఉంటాయి. పళ్ళను కంప కిందికి పోనిచ్చి మూత దించితే పిడికిట్లో పట్టినట్టు పట్టేస్తుంది. ఒక్క ముల్లు గుచ్చుకోకుండా పని అయిపోతుంది. అంత మంచి పనిముట్టు అది, అందులో నాకు అనుమానం లేదు.

నాకు అమ్మినాయన 72 అంగుళాలది చూపించాడు. అర అంగుళం ప్లేటు, రెండు మూతలు, రెండు సిలిండర్లు. సుత్తితో తడితే దాగలి మీద కొట్టినట్టు ఖంగుమంది. "గట్టిది తీసుకోండి, మీ పిల్లల కాలానికీ ఉంటుంది" అన్నాడు. బరువెంతని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇంటికి తెచ్చాక పక్కన కొట్టిన రేకు మీద చూశాను: 310 కిలోలు.

మొదటి వారమే తెలిసొచ్చింది. వేళ్ళకు మట్టిముద్ద అంటుకున్న మోడు ఒకటి పట్టుకుని, మోకాలెత్తు లేపి, చిన్న వాలు మీద బండి మళ్ళించాను. సీటు కింద ఏదో తేలికైనట్టు అనిపించి వెనక్కి చూస్తే, ఎగువ వైపు వెనక చక్రం నేల విడిచి ఉంది. గాల్లో మెల్లగా తిరుగుతోంది. టైరు గాడిలో ఇరుక్కున్న మట్టిబెడ్డ ఒకటి ఊడి కిందపడింది. ఆ బెడ్డ పడటం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. లివర్ నెట్టి మోడును నేలకు దించగానే చక్రం కిందికి వచ్చింది. అదే మోడు తలెత్తున ఉండి ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

ముందు ఇరుసు నడిమధ్యన ఒక్క పిన్ను మీద అటూ ఇటూ ఊగుతుంది. బండి పక్కకి ఒరగకుండా పట్టి ఉంచేది నిజానికి వెనక చక్రాలే. ముందు బరువు ఎక్కువై అవి తేలికైతే, ముందు ఇరుసు తన ఊపు చివరిదాకా పోయి ఆగేవరకు ఒరుగుడు ఆపేది ఏదీ ఉండదు. ఈ సంగతి నాకు అంతకు ముందు ఎవరూ చెప్పలేదు.

మాకు వరసకు కొడుకయ్యే మెకానిక్ కుర్రాడు వచ్చి చూసి, "బాబాయ్, ఇది నీ బండికి చేసింది కాదు, స్కిడ్ స్టీర్‌కి చేసింది" అన్నాడు. స్కిడ్ స్టీర్ అంటే లోడర్ పనికే ప్రత్యేకంగా చేసిన బరువైన బండి. సుద్దముక్క తీసి మడ్‌గార్డు మీద లెక్క వేశాడు. నా లోడర్ 450 కిలోలు ఎత్తుతుందని పుస్తకంలో ఉంది. అయితే అది బకెట్ తగిలే పిన్నుల దగ్గర కొలిచిన అంకె. పిన్నులకు 500 మిల్లీమీటర్లు ముందు కొలిస్తే అదే పుస్తకంలో 330 అని ఉంది. అందులోంచి గ్రాపుల్ సొంత బరువు 310 తీసేస్తే మిగిలేది 20 కిలోలు. ఉజ్జాయింపు లెక్కే అనుకోండి. నేల దగ్గర లోడర్ ఇంకాస్త ఎక్కువే లేపుతుంది, పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. గ్రాపుల్ పట్టిన మోడు 500 మిల్లీమీటర్ల కన్నా ముందుకే ఉంటుంది కాబట్టి అక్కడ మళ్ళీ కోత పడుతుంది. ఎలా చూసినా నేను రోజంతా ఎత్తి దించింది ఎక్కువగా ఆ ఇనుమునే. కంప వంతుకు మిగిలింది కొంచెమే.

దాన్ని ఇచ్చేసి 48 అంగుళాలది తెచ్చుకున్నాను. బరువు 120 కిలోలు. అదే లెక్కలో ఇప్పుడు 210 మిగులుతుంది. నాలుగడుగులు చాలదేమోనని ముందు బెంగ పడ్డాను. కంప పొడుగ్గా ఉంటుంది, రెండు పక్కలా బయటికి వేలాడినా మధ్యలో పట్టు దొరికితే చాలు, మొత్తం కదిలి వస్తుంది. పైగా వెడల్పాటి గ్రాపుల్ మూల ఒకటి మోడుకు తగులుకుంటే ఆ బలమంతా ఒక చేతి మీదే పడి లోడర్ మెలితిరుగుతుంది. ఏ గ్రాపుల్ అయినా ఒక్క మూలతో పొడిచి మోళ్ళు పెకలించకూడదు.

మందం గురించి కూడా మీ వ్యాసంతో నేను ఏకీభవించలేను. మంచి రకం ఉక్కు అయితే పావు అంగుళం, 5/16 అంగుళాల ప్లేటు మా సైజు బండికి సరిపోతుంది. అర అంగుళం ప్లేటును వంచేంత బలం మా ట్రాక్టరుకు లేదు, ఆ బలం లేనప్పుడు ఆ బరువు మోయడం దేనికి? నేనైతే మందం కన్నా ముందు మూడు చోట్ల చూస్తాను. మూత తిరిగే పిన్నుకు గ్రీజు నిపుల్ ఉందా, సిలిండర్ రాడ్డుకు పైన కాపు రేకు ఉందా, హోస్ పైపులు కొమ్మలకు తగలకుండా లోపలి నుంచి వెళ్ళాయా. కంపలో మొదట తెగేది ఆ పైపే. పళ్ళ మధ్య జానెడు సందు ఉంటే మట్టి రాలిపోతుంది, కంప నిలుస్తుంది. రెండు మూతలు అయిదడుగులు, ఆ పైన వెడల్పు ఉన్నవాటికి పనికొస్తాయి, ఒక పక్క దుంగ, ఒక పక్క చిన్న కొమ్మలు ఉన్నా రెండూ బిగుస్తాయి. నాలుగడుగులదానికి ఒక మూత చాలు.

ఇక వాల్వ్. లోడరుకు మామూలుగా రెండే పనులు ఉంటాయి: ఎత్తడం దించడం ఒకటి, బకెట్ వంచడం ఒకటి. గ్రాపుల్ మూతకు మూడో లైన్ కావాలి. డైవర్టర్ పెట్టించుకుంటే సులువని విని నేను ముందు అదే పెట్టించాను. బటన్ నొక్కినంతసేపు వంచే లైన్‌లోని నూనె మూతకు పోతుంది, అంటే వంచుతూ మూత మూయడం కుదరదు. కంపలో సరిగ్గా ఆ రెండూ ఒకేసారి కావాలి. మూత బిగించి వంచబోయేలోగా అడుగున ఉన్నదంతా జారిపోయేది. తర్వాత మూడో వాల్వ్ విడిగా వేయించాను, రెండూ కలిసి నడుస్తున్నాయి. మొదటే వేయించుకోవలసింది.

స్కిడ్ స్టీర్ గ్రాపుల్ మన చేతిలో నెమ్మదిగా నడవడానికీ కారణం హైడ్రాలిక్సే. చిన్న ట్రాక్టర్ పంపు నిమిషానికి ఇచ్చే నూనె తక్కువ, ఆ పెద్ద సిలిండర్లు నిండటానికి సమయం పడుతుంది. పట్టు బలం కూడా మన బండి ప్రెషర్‌ని బట్టే ఉంటుంది, కరపత్రంలో రాసినంత రాదు.

ఏ గ్రాపుల్ తగిలించినా వెనక బరువు లేకుండా ఇప్పుడు బండి తీయను. వెనక ఇరుసుకు అవతల, త్రీ పాయింట్‌కు (వెనక నాగలి లాంటివి తగిలించే అమరికకు) తగిలించిన బరువు వెనక చక్రాలను నేలకు అదిమి, ముందు ఇరుసు మీద భారాన్ని కూడా తగ్గిస్తుంది. పట్టిన దాన్ని నేలకు జానెడు ఎత్తులోనే నడిపిస్తాను. బండి బోల్తాపడితే మనిషిని కాపాడే రోల్ బార్ నిలబెట్టి బెల్టు పెట్టుకుంటాను. దుంగలను తలకన్నా పైకి ఎత్తను, వెనక్కి దొర్లితే లోడర్ చేతుల మీదుగా నేరుగా సీటు మీదికే వస్తాయి. రేడియేటర్ ముందు జాలీ కూడా వేయించాను, చూపుడు వేలంత కొమ్మ గ్రిల్‌లోంచి దూసుకొచ్చి ఒకసారి కూలెంట్ అంతా నేలపాలైంది కాబట్టి.

హోస్ చెమ్మగా కనిపిస్తే చేత్తో తడిమి చూడొద్దని దయచేసి ఒక పెట్టె కట్టి వేయండి. సూదిమొన అంత రంధ్రంలోంచి వచ్చే నూనె చర్మంలోకి దూరిపోతుంది. పైకి చిన్న చుక్కలా ఉండి నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి పోవలసిన గాయం అది. ఆలస్యమైతే వేలు పోవచ్చు, చెయ్యే పోవచ్చు. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. హోస్ విప్పే ముందు గ్రాపుల్ నేలకు దించి, ఇంజన్ ఆపి, లివర్లు అటూ ఇటూ కదిపి ప్రెషర్ పోనివ్వాలి.

మీకు నా విన్నపం ఒక్కటే. ఇకపై పనిముట్ల పట్టిక వేసేటప్పుడు వెడల్పు పక్కన సొంత బరువు గడి కూడా పెట్టండి. లోడర్ ఎత్తే అంకె వేస్తే అది పిన్నుల దగ్గరదా, 500 మిల్లీమీటర్లు ముందుదా రాయండి. మూడో వాల్వ్ కావాలో అక్కర్లేదో ఒక్క మాట చేర్చండి. ఆ రోజు నాకు ఆ మూడూ కాగితం మీద కనిపించి ఉంటే, ఆ 310 కిలోల ఇనుమును ఇంటికి తెచ్చేవాణ్ణి కాదు.

ఇట్లు,
మీ పేజీని మొదటినుంచి చదువుతున్న ఒక రైతు