కమాండ్ అచ్చేస్తే చాలదండీ, అదేం చేస్తుందో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన నెల మీ టెక్నాలజీ పేజీలో విండోస్‌కి బదులు వాడుకునే లైనక్స్‌ని పది నిమిషాల్లో వేసుకోవచ్చని ఒక వ్యాసం వచ్చింది కదా, ఈ ఉత్తరం దాని గురించే. వ్యాసం వేసినందుకు ముందు థ్యాంక్స్, అది చూడకపోతే నేను ఈ జోలికే వచ్చేదాన్ని కాదు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది, 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేదని నా లాప్‌టాప్‌ని గుమ్మంలోనే ఆపేసింది, మెషీన్ చూస్తే ఇప్పటికీ శుభ్రంగా పనిచేస్తోంది, పారేయబుద్ధి కాలేదు, సరిగ్గా అప్పుడే మీ పేజీ కనబడింది. కత్తిరించి పక్కన పెట్టుకుని లైన్ లైన్ చూసుకుంటూ చేశా. ఇన్‌స్టాల్ అయితే నిజంగానే అరగంటలో అయిపోయింది. దాన్ని నా దారికి తెచ్చుకోవడానికి మాత్రం మూడు వారాలు పట్టింది, అందులో ఒక వారం పూర్తిగా మీ ప్రింటింగ్ ఖాతాలో వేస్తున్నా, ఏమనుకోకండి.

ఎలాగంటే, నేను విండోస్ తీసేయలేదు, ఒకట్రెండు పాత సాఫ్ట్‌వేర్ల కోసం పక్కనే ఉంచుకున్నా. లైనక్స్‌లో కాసేపు పనిచేసి మళ్ళీ విండోస్‌లోకి వెళ్తే గడియారం కొన్ని గంటల తేడాతో చూపిస్తోంది, సరిచేసి ఇటొస్తే ఇక్కడ తప్పు, ఇక్కడ సరిచేస్తే అక్కడ తప్పు. దీనికి మందు మీ వ్యాసంలో ఉంది, టెర్మినల్ అనే కిటికీలో టైప్ చేసే టైమ్‌డేట్‌సీటీఎల్ అనే కమాండ్. (ఈ ఉత్తరంలో కమాండ్లన్నీ కావాలనే తెలుగు అక్షరాల్లో రాస్తున్నా, ఎవరూ గుడ్డిగా చూసి కొట్టేయకుండా.) దాని తర్వాత సెట్-లోకల్-ఆర్‌టీసీ అనొస్తుంది, తర్వాత 1, చివర్లో రెండు చిన్న గీతలు పెట్టి అడ్జస్ట్-సిస్టమ్-క్లాక్. మీ పేజీలో ఆ రెండు గీతలూ కలిసిపోయి ఒక్క పొడుగు గీత అయ్యాయి. మీ కంపోజింగ్ సాఫ్ట్‌వేర్ అందంగా ఉంటుందని దానంతటదే మార్చేసుంటుంది. నేను ఒక్క గీతే అనుకుని కొట్టా, అలాంటి ఆప్షన్ లేదు పొమ్మంది. ఇంకోటి, మీ కాలమ్ సన్నం కదా, సెట్-లోకల్-ఆర్‌టీసీ సగంలో విరిగి కింద లైన్లో పడింది, ఆ విరిగిన చోట ఉన్న గీత కమాండ్‌లోదా, లైన్ పట్టక మీరు పెట్టిందా? ఎవరికి తెలుస్తుంది? నేను లేదనుకుని ఓసారి, ఉందనుకుని ఓసారి, మధ్యలో ఖాళీ ఇచ్చి ఓసారి, ఇలా ఆ వారమంతా దాంతోనే సరిపోయింది.

అయితే నా అసలు కంప్లైంట్ గీతల గురించి కాదు. ఆ కమాండ్ ఏం చేస్తుందో మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. చివరికి మాన్ అని కొట్టి పక్కన ఆ కమాండ్ పేరు పెడితే దాని చరిత్రంతా వస్తుందని తెలిశాక (బయటికి రావాలంటే క్యూ నొక్కాలి, అది తెలియక కిటికీయే మూసేసేదాన్ని) కూర్చుని చదివా. మదర్‌బోర్డ్ మీద చిన్న బిళ్ళ బ్యాటరీతో నడిచే గడియారం ఒకటుంటుంది, మెషీన్ ఆపేసినా అది నడుస్తూనే ఉంటుంది. విండోస్ అందులో మనూరి టైమ్ రాసి పెడుతుంది, లైనక్స్ ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీ టైమ్ రాసిపెట్టి, స్క్రీన్ మీద చూపించేటప్పుడు మన తేడా కలుపుకుంటుంది. ఒకే గోడ గడియారాన్ని ఇద్దరు రెండు రకాలుగా చదువుతున్నారన్నమాట. మీరిచ్చిన కమాండ్ లైనక్స్‌ని విండోస్ దారిలోకి తెస్తుంది, పని జరుగుతుంది, కానీ ఆ తర్వాత ఉత్త టైమ్‌డేట్‌సీటీఎల్ కొట్టి చూస్తే ఈ పద్ధతికి పూర్తి సపోర్ట్ ఇవ్వలేమని అదే వార్నింగ్ ఇస్తోంది! విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో చిన్న మార్పు చేసి దాన్నే యూటీసీకి తెచ్చుకోవడం ఇంకో దారి. నేను చివరికి అదే చేసి, 1 ఉన్నచోట 0 పెట్టి మీ కమాండ్‌ని వెనక్కి తీసుకున్నా. ఈ రెండు ముక్కలూ వ్యాసంలో ఉంటే నాలుగు లైన్లు పెరిగేదేమో, అంతే కదా.

రెండోది కొంచెం సీరియస్. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెక్స్ట్, నెక్స్ట్ కొట్టుకుంటూ పోవడమే అని రాశారు. అయ్యా, ఆ నెక్స్ట్‌ల మధ్యలో డిస్క్ మొత్తం చెరిపేసి వేయమంటావా, విండోస్ పక్కన వేయమంటావా అని అడిగే స్క్రీన్ ఒకటి ఉంటుంది. అక్కడ చూసుకోకుండా నెక్స్ట్ కొట్టినవాళ్ళ ఫోటోలు, సర్టిఫికెట్లు అన్నీ గల్లంతే. నేను భయస్తురాలిని కాబట్టి ముందే అన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకున్నా. ఇంకా, విండోస్‌లో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉన్నవాళ్ళు బూట్ సెట్టింగులు కదిపితే తర్వాత విండోస్ తెరవబోయినప్పుడు రికవరీ కీ అడగొచ్చు, అది ముందే రాసి పెట్టుకోవాలి. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ మీంచి లైవ్‌లో నడిపి వైఫై వస్తోందా, సౌండ్ వస్తోందా, కెమెరా పనిచేస్తోందా చూసుకోవచ్చనే మాట కూడా వ్యాసంలో లేదు. నాకు లైవ్‌లో వైఫై రాలేదు, ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వచ్చింది, ఆ నెట్‌తోనే తర్వాత వైఫై డ్రైవర్ దించుకున్నా. ఇవన్నీ ఎవరో ఒకరు ముందే చెప్పాల్సినవి.

నా తప్పులు కూడా చెప్పాలి, లేకపోతే అంతా మీ మీదే నెట్టేసినట్టుంటుంది. కొత్తది వచ్చిన ఉత్సాహంలో మొదటి మూడు రాత్రులు ఐకాన్లు, థీములు, అడుగున ఉన్న ప్యానెల్‌ని పైకి, మళ్ళీ పక్కకి, ఇదే పని. క్యాప్స్‌లాక్ ఎప్పుడూ పొరపాటున తగలడమే తప్ప నాకు దాంతో పని లేదు, దాన్ని కంట్రోల్ కీగా మార్చుకున్నా, అదొక్కటే ఇప్పటికీ ఉంది, మిగతా సోకులన్నీ పోయాయి. ఐబస్ అనే టైపింగ్ సాధనంలో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ పెట్టుకుని తెలుగు టైపింగ్ కూడా తెచ్చుకున్నా, ఈ ఉత్తరం దాంతోనే. టెర్మినల్‌లో మాత్రం ఒత్తులు ఎక్కడికక్కడ విడిపోయి కనిపిస్తున్నాయి, అక్కడ తెలుగు జోలికి పోవడం మానేశా.

ఆ ఊపులోనే ఎఫ్ఎస్‌ట్యాబ్ అనే ఫైల్‌లో వేలు పెట్టా. మెషీన్ లేవగానే ఏ డిస్క్ భాగాన్ని ఎక్కడ తగిలించాలో రాసుండే ఫైల్ అది. నా డేటా పార్టిషన్ ప్రతిసారీ దానంతటదే తెరుచుకోవాలని ఒక లైన్ చేర్చా, ఆ పార్టిషన్‌ని గుర్తుపట్టే పొడుగు నంబర్ యూయూఐడీలో ఒక్క అక్షరం తప్పు కొట్టా. రీస్టార్ట్ చేస్తే నల్ల స్క్రీన్, లేని డిస్క్ కోసం నిమిషంన్నర లెక్కపెడుతూ కూర్చుంది, తర్వాత ఎమర్జెన్సీ మోడ్ అంది. ఆ నిమిషంన్నరలో నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఏం చేయాలో తోచక అర్ధరాత్రి తమ్ముడికి ఫోన్ చేశా, వాడు నిద్రమత్తులోనే "ఏం కాలేదక్కా, పెన్‌డ్రైవ్ పెట్టి లేపు, ఆ ఫైల్ తెరిచి నువ్వు రాసిన లైన్ ముందు హ్యాష్ గుర్తు పెట్టు, అంతే" అన్నాడు. అంతే అయింది, హ్యాష్ పెడితే ఆ లైన్‌ని మెషీన్ పట్టించుకోదట! ఆ లైన్‌లో నోఫెయిల్ అనే మాట చేర్చుంటే డిస్క్ దొరక్కపోయినా మెషీన్ లేచేదట. అప్పట్నుంచి ఇలాంటి సెట్టింగుల ఫైళ్ళుండే ఈటీసీ ఫోల్డర్‌లో ఏ ఫైల్ ముట్టుకున్నా ముందు దానికో కాపీ తీసి పెడుతున్నా.

ఇంకొకటి, మీ హెడ్డింగ్‌లో ఉచితం అని పెద్దక్షరాల్లో వేశారు. ఇంగ్లీష్‌లో ఫ్రీ అనే మాటకి రెండర్థాలు, దాంతో వాళ్ళకి ఎప్పుడూ తికమకే, మనకా బాధ లేదు, ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికా ప్రోగ్రామర్ గ్నూ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్ట్ ప్రకటించింది స్వేచ్ఛ కోసం. 1991 ఆగస్టు 25న లైనస్ టోర్వాల్డ్స్ అనే హెల్సింకీ విద్యార్థి, ఊరికే హాబీగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నా, గ్నూ అంత పెద్దదేం కాదు అని నెట్‌లో పెట్టాడు, అదే లైనక్స్, ఇవాళ చూస్తే ఆండ్రాయిడ్ ఫోన్లన్నిట్లో ఉన్నది ఆ కెర్నలే (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం), 2017 నవంబర్ నుంచి ప్రపంచంలో టాప్ 500 సూపర్ కంప్యూటర్లన్నీ నడిచేదీ దాని మీదే. స్టాల్‌మన్ వాళ్ళు చెప్పే స్వేచ్ఛలు నాలుగు, 0 నుంచి 3 దాకా లెక్కపెడతారు (ప్రోగ్రామర్లు కదా). అందులో 1వది, ప్రోగ్రామ్ ఎలా పనిచేస్తుందో చదివి మనకి కావల్సినట్టు మార్చుకునే స్వేచ్ఛ. మీరేమో ఇది కొట్టండి, అది కొట్టండి అని చెప్పి ఆ 1వదాన్నే మా చేతికి రాకుండా చేస్తున్నారు.

కాబట్టి ఈసారి ఇలాంటిది వేస్తే కమాండ్ ఎంత పొడుగున్నా విరగ్గొట్టకుండా రెండు కాలమ్‌ల వెడల్పున వేయండి, గీతల్ని, కోట్ గుర్తుల్ని మార్చకుండా ఉన్నవున్నట్టు ఉంచండి, కింద అది ఏం చేస్తుందో, వద్దనుకుంటే ఎలా వెనక్కి తీసుకోవాలో రెండు లైన్లు రాయించండి. సుడో అని మొదలై సిస్టమ్ మీద పూర్తి అధికారంతో నడిచేవాటికైతే తప్పనిసరిగా. అవి అడిగే పాస్‌వర్డ్ కొడుతుంటే కొన్ని లైనక్స్‌లలో స్క్రీన్ మీద చుక్కలు కూడా పడవని ఒక్క మాట చేర్చండి, కీబోర్డ్ పాడైందనుకుని నేను రెండుసార్లు రీస్టార్ట్ చేశా.

ఆ కటింగ్ మీద పెన్నుతో దిద్దినవన్నీ ఫోటో తీసి దీంతోపాటే పంపిస్తున్నా, సవరణ వేసేటప్పుడు మీవాళ్ళకి పనికొస్తుంది. మూడో కమాండ్‌లో 1 అని పడిన చోట నిజానికి ఉండాల్సింది చిన్న ఎల్, దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టా చూడండి.

ఉంటానండీ,
మీ పాఠకురాలు