ఫలకాల విషయమై మంత్రి గారికి మరోసారి

గౌరవనీయులైన సాంస్కృతిక శాఖ మంత్రి గారికి, రాజమహేంద్రవరం నుంచి నమస్కారాలు.

పాత భవనాల మీద పెట్టిస్తున్న స్మారక ఫలకాల గురించి ఇచ్చిన వినతిపత్రాలకు జవాబు రాలేదు. "పరిశీలనలో ఉంది" అన్న ముక్క కూడా రాలేదు. అందుకే ఇలా నలుగురి ముందూ రాయాల్సి వస్తోంది.

రాయి మూడడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు. ఆవిష్కర్త, ముఖ్య అతిథి, విశిష్ట అతిథులు, అధ్యక్షులు అంటూ ప్రోటోకాల్ వరసలో దిగేసరికి ముప్పాతిక రాయి అయిపోతోంది. ఎవరి జ్ఞాపకార్థమో ఆ మనిషికి అడుగున ఒక్క వరస. ఇది ఓవర్‌హెడ్ ట్యాంకు ప్రారంభోత్సవం కాదు సార్. "1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం ఇక్కడ తొలి వితంతు వివాహం జరిపించారు." పది మాటలు. ఆయన ఇంటి ముందు నిలబడినవాడికి అంతకంటే ఏం కావాలి? లండన్ కింగ్ హెన్రీస్ రోడ్డులో అంబేడ్కర్ ఉన్న ఇంటికి గుండ్రటి ఫలకం ఉంది: పేరు, జనన మరణ సంవత్సరాలు, చేసిన పని, 1921–22లో అక్కడున్నారన్న సంగతి. అంతే.

అక్షరాల సంగతి. అను ఫాంట్‌లో కొట్టిన ఫైలు, ఆ ఫాంటు లేని ప్లాటర్ (స్టెన్సిల్ కోసే యంత్రం) సిస్టంలో తెరిస్తే ఒత్తులు ఎగిరిపోతాయి. పంపేముందు కర్వ్స్ చేయిస్తే, అంటే అక్షరాలను ఫాంటు అక్కర్లేని గీతలుగా మార్పిస్తే, సరిపోయేదానికి రాతి మీద అచ్చుతప్పు శాశ్వతమవుతోంది. అక్షరం మరీ చిన్నదైతే, చెక్కడానికి గాలి వేగంతో ఇసుక కొట్టేటప్పుడు రబ్బరు స్టెన్సిల్లో సున్నా మధ్య ముక్క లేచిపోయి గుంట మిగులుతుంది. "థ"లో చుక్క పూడి "కథ" కాస్తా "కధ" అవుతుంది. కనీసం అంగుళం అక్షరం, ఒత్తు పడేచోట వరసల మధ్య ఖాళీ ఉండాలి. మీ అతిథుల పట్టిక తీసేస్తే ఆ ఖాళీ దానంతటదే వస్తుంది. చీమకుర్తి గెలాక్సీ రాయి మెట్లకి అందమే, కానీ ఆ బంగారు చుక్కల మధ్య సన్నక్షరం కనపడదు. అద్దంలా పాలిష్ చేసిన రాయి ఎండలో చదివేవాడి మొహాన్నే చూపిస్తుంది. మెరుపు లేని నల్లరాయి పెట్టించండి.

అసలు బాధ గోడది. ఇరవై మిల్లీమీటర్ల మందంలో ఆ రాయి బరువు సుమారు ముప్పై కిలోలు. దాన్ని మీ కాంట్రాక్టర్లు గానుగ సున్నంతో కట్టిన గోడకి సిమెంటు మెత్తి అతికిస్తున్నారు. సున్నపు గోడ తేమ పీల్చుకుంటుంది, వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. లోపలి తేమ ఉప్పును తోసుకుంటూ అంచుల దగ్గర బయటికొస్తుంది, పూత ఉబ్బుతుంది, చివరికి ఫలకం పెచ్చుతో సహా ఊడుతుంది. ఊడకుండా ఇనప మేకులు దిగ్గొడితే మరీ అన్యాయం. ఇనుము తుప్పుపట్టి లావెక్కి, రాయి మూల చిట్లిపోతుంది, కింద గోడంతా ఎర్రటి చార. హ్యామర్ డ్రిల్లు దెబ్బకి పాత ఇటుక లోపలే పగులుతుంది. అది బయటికి కనపడదు, బిల్లులో అసలే కనపడదు.

చేయాల్సింది పెద్ద విద్య కాదు. నాలుగు స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు చాలు. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పుగాలికి బాగా తట్టుకునే 316 రకం స్టీలే వాడాలి. రంధ్రం ఇటుకలో కాదు, ఇటుకల మధ్య సున్నపు అతుకులో పడాలి, అదీ హ్యామర్ ఆపేసిన డ్రిల్లుతో. అంటే రాయికి చిల్లులు పెట్టకముందే గోడ మీద అతుకుల కొలత తీసుకోవాలి. ఇక్కడ జరిగేది తలకిందులు: రాయి చిల్లులతో తయారై వస్తుంది, గోడ దానికి తగ్గట్టు పగలాలి. రాయికీ గోడకీ మధ్య సెంటీమీటరు సందు వదిలితే వాన నీరు జారిపోతుంది. భవిష్యత్తులో రాయి తీయాల్సి వచ్చినా గోడకి నాలుగు చిన్న గాట్లే మిగులుతాయి. ఈ బోల్టుల ఖరీదు ఆవిష్కరణ సభలో గజమాల ఖరీదు కంటే తక్కువే అయ్యా.

ఎత్తు కూడా చూడండి. పన్నెండడుగుల పైన పెడితే పిల్లలకి పావురాలే కనపడతాయి. నాలుగడుగుల్లో పెడితే మైదా పేస్టుతో సినిమా పోస్టరు ఎక్కుతుంది. ఆరేడు అడుగుల మధ్య పెట్టించండి. చెక్కేముందు అదే సైజు కాగితం గోడకి అంటించి, రోడ్డవతల నుంచి ఎవరితోనైనా చదివించండి. తప్పులు కాగితం మీదే దొరుకుతాయి.

2027 పుష్కరాలు వస్తున్నాయి. ఆఖరి నెలలో టెండరు పిలిచి, తొలి వానల్లో తడిగోడకి సిమెంటు మెత్తే పని ఈసారైనా వద్దు. సిమెంటు నిషేధిస్తూ, స్టీలు బోల్టులు తప్పనిసరి చేస్తూ ఒక్క మెమో ఇప్పించండి. అతిథుల పేర్లు తప్పవంటే సభలో ఫ్లెక్సీ మీద ఎంత పెద్దగానైనా వేసుకోండి. మర్నాడు విప్పేయొచ్చు.